తను ఎలా ఉంది?

"నేను చూసే చోట పట్టు లైటు. నువ్వు చూసే చోట కాదు," అన్నాడు వెర్లిన్ కారు కిందనుంచి.

మార్లిస్ లైటు కాస్త ఎడమకి జరిపింది. గరాజు నేల మీద పాత తువ్వాలు మడిచి వేసుకుని దాని మీద మోకాళ్ళూని కూచుంది. మార్చి నెల చలి సిమెంటులోంచి తువ్వాల్లోకీ, తువ్వాల్లోంచి ఎముకల్లోకీ ఎక్కుతోంది. వెల్లకిలా పడుకున్న మొగుడి బూట్లు తప్ప ఆమెకి ఇంకేమీ కనిపించవు. కనిపించని మనిషి ఎక్కడ చూస్తున్నాడో ఎలా తెలుస్తుంది? పెళ్ళయిన కొత్తలో ఆ మాట అడిగింది కూడా. "బుర్రుంటే తెలుస్తుంది" అన్నాడు. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు. పోనుపోను ఆమెకి నిజంగానే తెలియసాగింది. పానా చప్పుడుని బట్టి, అతను గొంతు సవరించుకునే తీరుని బట్టి, నోట్లోంచి విసుగు బయటికి రాకముందే లైటు జరిపేయడం నేర్చుకుంది. సింకు కింద, బట్టల మిషను వెనక, మంచు తోసే బండి కింద, కాపురమంతా అలా లైటు పట్టుకునే ఉంది. ఇంట్లో ఏది బాగుపడినా వెర్లిన్ బాగుచేశాడంటారు. లైటు పట్టిందెవరని ఎవరైనా అడుగుతారా, మీరే చెప్పండి.

ఆ పూట ఆమె దగ్గర ఒక మాట ఉంది. మధ్యాహ్నం స్కూలు వంటింట్లో పిల్లలకి మాకరోనీ వడ్డిస్తుండగా ఫోనొచ్చింది. సామాన్ల గదిలోకి వెళ్ళి టమాటా డబ్బాల మధ్య నిలబడి విని, తిరిగొచ్చి గరిటె పట్టుకుంది. వంటింటి మేనేజరు ఆమె కొడుకు వయసువాడు. "గర్ల్స్, లైను ఆగిపోతోంది, కబుర్లు తర్వాత!" అని కేకేశాడు. అరవైకి దగ్గరపడ్డ ఆడవాళ్ళంతా అతనికి గర్ల్సే. డాక్టరు చెప్పిన మాట అప్పట్నుంచీ మార్లిస్ గొంతులోనే ఉండిపోయింది.

"వెర్లిన్, డాక్టరమ్మ ఫోన్ చేసింది."

"ఊఁ."

"అదేనట."

"ఏది?"

"రొమ్ములో గడ్డ. క్యాన్సరేనట."

పానా చప్పుడు ఆగింది. బూట్లు కదల్లేదు. మార్లిస్ ఆ బూట్లకేసే చూసింది. ఇప్పుడు పాకుతూ బయటికొస్తాడు, లేచి కూచుంటాడు, తన మొహంలోకి చూస్తాడు అనుకుంది. అంతకంటే ఏమీ కోరుకోలేదు.

"ఇప్పుడు వాటికి మంచి మందులొచ్చాయిగా," అన్నాడు వెర్లిన్ కిందనుంచి. "లైల్ పెళ్ళానికి తీసేశారు. ఏమైంది, శుభ్రంగా తిరుగుతోంది." మళ్ళీ పానా తిప్పబోతూ, "లైటు, మార్లిస్," అన్నాడు. ఆమె చెయ్యి జారి నేలకానింది మరి.

వెర్లిన్ చెడ్డవాడంటే ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. తాగి తూలడు, చెయ్యెత్తడు. పేపరు మిల్లులో నాగా పెట్టకుండా పనిచేసి రిటైరయ్యాడు. పక్కింటి ముసలావిడ మెట్ల మీద మంచు అడక్కుండానే ఊడ్చిపెడతాడు. శుక్రవారం చేపల విందుకి చర్చి నేలమాళిగలో బల్లలు వేసేదీ అతనే. "నీకేం మార్లిస్, బంగారం లాంటి మొగుడు" అంటారు తోటివాళ్ళు. అదే ఆమెకి వచ్చిన చిక్కు. కొట్టే మొగుడైతే చూపించుకోవడానికి దెబ్బయినా ఉంటుంది. కన్నెత్తి చూడని మొగుడి గురించి ఎవరికి ఏమని చెప్పుకుంటుంది? చెప్పినా, అన్నం పెట్టే చేతిని కరుస్తోందంటారు.

ఇక ఆ కారు. అరవై ఆరో సంవత్సరం నాటి ఫోర్డ్ స్టేషన్ వ్యాగన్. మంచమంత పొడుగు డిక్కీ, పక్కలకి కర్రలా కనిపించే రేకు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు కొన్నారు. తర్వాత ఎన్నో ఏళ్ళు వెనక కొట్టాంలో ఎలకలకి ఇల్లయి పడి ఉంది. రిటైరైన మర్నాడు వెర్లిన్ దాన్ని ట్రాక్టరుతో లాక్కొచ్చి గరాజులో పెట్టాడు. "మా కారు, దీంట్లో బ్లాక్ హిల్స్ కొండల దాకా వెళ్ళొచ్చాం తెలుసా" అని అందరికీ చెప్పేవాడు. అవును, ఆ ఒక్క వేసవి అతనే నడిపాడు. మిగతా అన్ని ఏళ్ళూ స్టీరింగు ముందు కూచున్నది మార్లిస్. మిల్లుకి వెళ్ళడానికి అతనికి పికప్ ట్రక్కు ఉండేది.

అడుగు రేకు విప్పి చూసినప్పుడు డిక్కీ కిందంతా తుప్పుపట్టి జల్లెడైపోయి ఉంది. లైల్ వచ్చి తల పట్టుకున్నాడు. లైల్ పక్క వీధిలోవాడు, మిల్లులో వెర్లిన్‌తో పనిచేసినవాడు, పాత కార్లంటే పడి చస్తాడు. "ముందు భాగం ఇంత బాగుండి వెనక ఇంత ఘోరమేంట్రా?" అని అడిగాడు. "పిల్లలు కూల్‌డ్రింకులు ఒలకబోసి ఉంటారు. వాళ్ళమ్మ చూసుకోవాలి కదా," అన్నాడు వెర్లిన్. మార్లిస్ అక్కడే తలుపుల పాత రబ్బర్లు గీకుతోంది. ఆమెకి తెలుసు అది కూల్‌డ్రింకు కాదని. అత్తగారు హుల్డాకి పక్షవాతం వచ్చిన ఆ చలికాలాలన్నీ చక్రాల కుర్చీ మడిచి డిక్కీలో పడేసుకుని, వారానికి మూడుసార్లు ఆవిణ్ణి పట్నం ఆస్పత్రికి తిప్పింది తనే. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పంతా ఆ చక్రాలకి పట్టుకుని వచ్చి డిక్కీలో కారేది. ఇంటికొచ్చాక తుడుద్దామంటే ఆవిడ బట్టలు మార్చాలి, పిల్లలకి తిండి పెట్టాలి, రెండో షిఫ్టుకి వెళ్ళే మొగుడికి డబ్బా కట్టాలి. తుడవలేదు. "మా వెర్లిన్ అదృష్టవంతుడు, నోరులేని పెళ్ళాం దొరికింది" అనేది హుల్డా, వచ్చిన నర్సులందరికీ వినపడేలా. పొగుడుతున్నట్టే అనేది. ఆవిడ మూతి తుడుస్తున్న మార్లిస్ చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తుడిచేది.

లైల్‌తో ఆ మాట చెబుదామనుకుంది. నోటిదాకా వచ్చింది. "ఆ రబ్బరు చిరక్కుండా గీకు" అన్నాడు వెర్లిన్. గీకింది.

ముందు మందులు ఎక్కించి గడ్డ చిన్నది చేసి, ఆ తర్వాత కోస్తామన్నారు గ్రీన్ బే పట్నం డాక్టర్లు. మొదటిసారి వెర్లినే తీసుకెళ్ళాడు. ఆస్పత్రి గుమ్మం దగ్గర దింపి, "ఎలాగూ ఇంత దూరం వచ్చాం, పాత కార్ల యార్డుకి వెళ్ళొస్తా" అన్నాడు. ఆమె చేతికి సూది గుచ్చించుకుని కూచున్న ఆ గంటల్లో అతను అసలైన తలుపు పిడి ఒకటి సంపాదించాడు. దారంతా ఒక చేత్తో బండి నడుపుతూ, రెండో చేత్తో దాన్ని తుడుచుకుంటూ, ముచ్చటపడుతూ వచ్చాడు. ఆమె ప్లాస్టిక్ సంచీలోకి వాంతి చేసుకుంది. "ఆపమంటావా?" అని అడిగాడు, పాపం, అది మాత్రం అడిగాడు. వద్దంది.

జుట్టు రాలింది. స్కూల్లో మేనేజరు, "వంటింట్లో నెట్ టోపీ పెట్టుకునే పని తప్పిందిగా" అని జోకేశాడు. అందరూ ఆమె నవ్వుతుందేమోనని చూశారు. ఆమె నవ్వాక వాళ్ళూ నవ్వారు.

ఏప్రిల్‌లో రెండో విడత మందు అయిన వారం. సాయంత్రం పొయ్యి మీద మాంసం ఉడకబెట్టి, కాఫీ ఫ్లాస్కు పట్టుకుని గరాజు వైపు వెళ్ళింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల వెర్లిన్ ఫోనులో మాట్లాడుతున్నాడు. "చెప్పు ఆర్డిస్" అనడం వినపడింది. ఆర్డిస్ అతని అక్క. మొగుడు పోయాక షెబోయ్‌గన్‌లో సరస్సు దగ్గర ఒక్కతే ఉంటుంది. సిగరెట్లు మానదు, మాట దాచదు. ఆమె అవతల ఏమడిగిందో మార్లిస్‌కి వినపడలేదు గానీ, ఇవతల వెర్లిన్ పెద్ద నిట్టూర్పు విడవడం వినపడింది.

"మా ముసల్దాని సంగతి ఏం చెప్పమంటావు," అన్నాడు. "పైకి చూస్తే బాగానే ఉంది. లోపల తినేసింది ఆర్డిస్. నేననుకున్న దానికంటే ఎక్కువే పాకింది."

మార్లిస్ అడుగు ఆగిపోయింది.

"లేదు, లేదు. వదిలేసే మాటే లేదు. ఎవరేమన్నా సరే. ఎంత చాకిరీ చేసింది మనకి! పిల్లల్ని మోసింది, అమ్మని మోసింది. ఒక్కనాడు మొరాయించిందా? ఇప్పుడిక నా వంతు." అతని గొంతు బొంగురుపోయింది. "చేపలు పట్టే పడవ అమ్మేస్తాను కావాలంటే. నిద్ర పట్టడం లేదనుకో. ఒక్కోసారి ఏమీ చెయ్యను, ఊరికే కూచుని అలా చూస్తూ ఉండిపోతాను."

ఫ్లాస్కు గుండెకి హత్తుకుని మార్లిస్ తలుపు చెక్కకి ఆనుకుంది. కళ్ళనీళ్ళు వాటంతటవే కారిపోతున్నాయి. దేవుడా, ఎంత పొరపాటు పడ్డాను! తను నిద్రపోయిందనుకుని పక్కన కూచుని చూస్తున్నాడా ఇన్నాళ్ళూ? అమ్మని మోసిందని అతనికి తెలుసా? ఒక్కనాడూ అనలేదే. మగాళ్ళు అంతే, మొహం మీద చెప్పలేరు, అక్కతో చెప్పుకుంటారు. గుమ్మం దగ్గర దింపి వెళ్ళిపోయాడని తను మనసులో ఎన్ని మాటలనుకుంది, ఆ సూదులూ రక్తమూ చూడలేకే వెళ్ళుంటాడు పిచ్చివాడు. ఆమెకి సిగ్గేసింది. ఒళ్ళంతా వెచ్చబడింది. పెళ్ళినాడు కూడా ఆమె అంత సుఖంగా ఏడవలేదు. లోపలికి వెళ్ళి, వెనకనుంచి ఆ మొరటు భుజాల మీద చేతులు వేద్దామనుకుంది. ఎన్నేళ్ళయిందో అలా వేసి. తలుపు మీద చెయ్యి వేసింది కూడా.

"వెనక భాగం మొత్తం కోసి పారెయ్యాల్సిందే," అంటున్నాడు వెర్లిన్. "కొత్త రేకు వేసి వెల్డింగ్ చేసి, లప్పం పెట్టి రంగు కొడితే ఇంకో ముప్పై ఏళ్ళు ఢోకా లేదు. తలుపుల రబ్బర్లు ఒహాయో నుంచి తెప్పిస్తున్నా."

అవతల ఆర్డిస్ ఏదో అంది.

"ఎవరు? మార్లిసా?" అన్నాడు వెర్లిన్. "ఓ, నువ్వడిగేది మార్లిస్ గురించా! తనకేం, బాగానే ఉంది. వంట చేస్తోంది."

అక్కడి మగాళ్ళ భాష అది. పడవ వాళ్ళకి ఆడది, కారు ఆడది, ఊరు ముంచే తుపానూ ఆడదే. తను ఎలా ఉందని అక్క అడిగితే ఆ తమ్ముడికి గుర్తొచ్చిన ఆడది గరాజులో ఉంది. మనం నవ్వడానికేం లేదు లెండి, మనకైతే ఆడదానికీ వస్తువుకీ మొదట్నుంచీ ఒకటే 'అది' సరిపోయింది.

మార్లిస్ తలుపు మీంచి చెయ్యి తీసేసింది. ఫ్లాస్కు గడప దగ్గర పెట్టి ఇంట్లోకి వచ్చి బంగాళాదుంపలు చెక్కు తీసింది. ఏడుపు రాలేదు. అంతకుముందు ఏడ్చినందుకే ఒళ్ళు మండింది. ఆ అర నిమిషం ఎవరూ ఆమెకి ఇచ్చింది కాదు, అయినా ఎవరో లాక్కున్నట్టే ఉంది. అదేమీ వినకపోయి ఉంటే చచ్చేదాకా ఏదోలా గడిచిపోయేది. అతనికి అలా మాట్లాడడం చేతకాదనుకుని సరిపెట్టుకునేది. చేతనవును. గొంతు బొంగురుపోవడం వచ్చు, నిద్రపట్టకపోవడం వచ్చు, ఊరికే కూచుని చూడడమూ వచ్చు. అన్నీ వచ్చిన మనిషే. తనకి ఇవ్వలేదంతే.

మర్నాడు ఆర్డిస్ నేరుగా మార్లిస్‌కే ఫోన్ చేసి, తమ్ముడన్నదంతా చెప్పింది.

"నిజం చెబుతున్నా, ముందు నవ్వొచ్చింది నాకు," అంది. "తర్వాత ఆ ఫోను తీగలోంచి దూరి వచ్చి వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఎలా ఉన్నావే?"

"బాగానే ఉన్నా."

"ఆ మాట వాడన్నాడు. నిన్ను నేనడుగుతున్నా."

అవతల సిగరెట్టు పీల్చిన చప్పుడు వినపడింది.

"అమ్మని నీ మీద వదిలేసి నేను ఏటా ఫ్లోరిడా పోయేదాన్ని. నీకింకేం పనుంది అనేదాన్ని కూడా," అంది ఆర్డిస్. "వచ్చి నా దగ్గర ఉండు. వెనక గది ఖాళీగా ఉంది. సరస్సు కనిపిస్తుంది."

"అతనికి వంటెవరు చేస్తారు?"

"వాడి ముసల్దాన్ని చెయ్యమను," అంది ఆర్డిస్. ఇద్దరూ నవ్వేశారు. మార్లిస్ వెళ్ళలేదు. కాపురం వదిలి వెళ్ళడానికి ఒక కారణం ఉండాలి, ఒక కారు కారణమంటే ఎవరైనా నవ్వుతారు.

వేసవిలో వెర్లిన్ కారు సీట్లకని రెగ్జిన్ గుడ్డ చుట్ట తెచ్చి వంటింటి బల్ల మీద పడేశాడు. ఎర్రది, పాతదాని రంగే. "బయట ఇస్తే పాడుచేస్తారు. నీ కుట్టు సంగతి నాకు తెలుసుగా," అన్నాడు. అంత జరిగాక కూడా ఆ మాటకి ఆమె మనసు పొంగింది, చూడండి. మందుల వల్ల వేళ్ళ కొసలు మొద్దుబారిపోయి సూది గుచ్చుకున్నా తెలిసేది కాదు. గుడ్డ మీద తడి తగిలాక గానీ రక్తమని తెలిసేది కాదు. "మరకలు పడకుండా చూడు, మళ్ళీ ఆ గుడ్డ దొరకదు," అన్నాడు వెర్లిన్. వేలికి పట్టీలు చుట్టుకుని కుట్టింది. ఓపికున్న రోజు ఒక అంచు, లేని రోజు సగం. లైల్ వచ్చి సీట్ల మీద చెయ్యి నిమిరి, "అబ్బ, ఎక్కడ చేయించావురా?" అని అడిగాడు. "ఎక్కడా ఇవ్వలేదు. ఇంట్లోనే అయిపోయింది," అన్నాడు వెర్లిన్. ఇంట్లోనే అయిపోయిందట. అన్నం ఉడికిపోయినట్టు, బట్టలు ఆరిపోయినట్టు, ముసలామె ఒళ్ళు పుండ్లు పడకుండా ఆరేళ్ళు గడిచిపోయినట్టు. మార్లిస్ తలగుడ్డ సర్దుకుని వాళ్ళిద్దరికీ బీరు సీసాలు అందించి లోపలికి వచ్చేసింది.

సెప్టెంబరులో ఆపరేషన్ అన్నారు. గురువారం కోసి శుక్రవారం ఇంటికి పంపిస్తారట. ఆ శనివారమే ఊళ్ళో పాత కార్ల ప్రదర్శన. వెర్లిన్ మొహంలో లెక్కలు కదలడం ఆమె చూసింది. కాపురంలో ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, ఆ రోజు చేతిలో పళ్ళెం పక్కన పెట్టి అడిగింది.

"ఈ ఒక్కసారి నాతో ఉండు వెర్లిన్. శుక్రవారం పొద్దున పదింటికి రావాలి. ఛాతీలోంచి గొట్టం వేలాడుతూ ఉంటుందట, చివర బుడ్డి ఉంటుందట. అందులో చేరే రక్తం పూటపూటా తీసి పారబొయ్యాలి. ఎలా చెయ్యాలో నర్సు నీకు నేర్పిస్తుంది."

"నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి, నీకు తెలుసుగా."

"తెలుసు. అయినా రా."

"వస్తానన్నానుగా," అన్నాడు. అనలేదు గానీ, అన్నట్టే చెప్పాడు. ఆమె దాన్నే పట్టుకుంది. ఒక్కసారి పక్కన నిలబడి, ఆ కారు రేకుని తడిమి చూసినట్టు తన గాయాన్ని ఒక్కసారి చూస్తే చాలు, మిగతాదంతా మర్చిపోతాననుకుంది. నిజంగానే అనుకుంది. మనుషులకి ఆశ అంత తొందరగా చావదు.

గురువారం ఆమెని లోపలికి తోసుకెళ్ళేదాకా ఉన్నాడు. భుజం మీద తట్టాడు. మెలకువ వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. "మీ ఆయన ఇప్పుడే వెళ్ళారండీ, బంపరు బిగించాలట," అంది నర్సు, బంపరంటే ఏదో ఇంటి పని అనుకుందేమో, గౌరవంగానే చెప్పింది.

శుక్రవారం పదింటికి నర్సు వచ్చింది. పదిన్నరకి ఇంకోసారి తొంగి చూసింది. పదకొండింటికి, "పోనీ మీకే నేర్పిస్తానమ్మా" అంది. స్నానాలగది అద్దం ముందు నిలబెట్టి కట్టు విప్పింది. మార్లిస్ చూసింది. ఒక వైపు మామూలుగా ఉంది. రెండో వైపు చదునుగా, అడ్డంగా నల్లటి కుట్లు, కింద చర్మంలోంచి గొట్టం. ఇద్దరు పిల్లలు పాలు తాగిన వైపు. నర్సు నడుం పట్టుకుంది. "ఏడవండమ్మా, ఫరవాలేదు," అంది. ఏడ్చింది. ఏడుస్తూనే బుడ్డి మూత తీసి, ఎర్రనీళ్ళు వంచి, గాలి పిండి మూత పెట్టడం నేర్చుకుంది. "ఇంట్లో వెనక నుంచి చూసేవాళ్ళు ఎవరో ఒకరు ఉంటే మంచిది. కట్టు మార్చడం మీ ఒక్కరివల్లా కాదు," అంది నర్సు. మార్లిస్ తలూపింది.

ఒంటి గంట దాటాక కిందనుంచి కబురొచ్చింది, మీవాళ్ళు బండి తెచ్చారని. అక్కడి ఆస్పత్రుల్లో నడవగలిగినవాళ్ళని కూడా చక్రాల కుర్చీలోనే గుమ్మందాకా తోసుకెళ్ళి బండి ఎక్కిస్తారు. ఆ పని చేసే అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో, గులాబీరంగు చొక్కా వేసుకుంది. లిఫ్టులో, "ఎండ భలే ఉందండీ బయట" అని కబుర్లు చెప్పింది. అద్దాల తలుపులు తెరుచుకున్నాయి.

గుమ్మానికి ఎదురుగా కారు నిలబడి ఉంది.

పికప్ తెస్తాడనుకుంది. వ్యాగన్ తెచ్చాడు. లేత పసుపురంగు ఎండలో కళ్ళు చెదిరేలా ఉంది, బంపరులో ఆకాశం కనిపిస్తోంది. చుట్టూ జనం మూగారు. తెల్లకోటు డాక్టరొకడు, కాపలావాడు, చేతిలో పూలతో ఎవర్నో చూడ్డానికొచ్చిన ముసలాయన. మా నాన్నకి ఇలాంటిదే ఉండేదని ఒకరు, ఎన్నాళ్ళు పట్టిందని ఇంకొకరు. కుర్చీ దారికి ఎవరూ తప్పుకోలేదు. వెనక్కి చూడకుండానే ఒకాయన మోచేయి ఆమె భుజానికి తగిలింది. గొట్టం లాగినట్టయి పళ్ళు బిగబట్టింది.

వెర్లిన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళికొడుకులా ఉన్నాడు. ఆమెని చూసి మొహం విప్పారింది. ఆ సంతోషం నిజమే, దానిలో అబద్ధమేం లేదు.

"ఎలా ఉంది?" అన్నాడు రెండు చేతులూ చాచి, కారు వైపు చూపిస్తూ. "తెల్లారుజాము నుంచీ కూచుని పూర్తిచేశా. నీకోసమే. మొదటి సవారీ నీదే కావాలని. అందుకే కాస్త ఆలస్యమైంది."

చుట్టూ ఉన్నవాళ్ళు మురిసిపోయారు. "అదృష్టవంతురాలివమ్మా," అన్నాడు పూల ముసలాయన. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. మార్లిస్ అతని మొహంలోకే చూస్తోంది. అతని కళ్ళు ఆమె మొహం మీద ఆగలేదు. ఛాతీ మీదకి రాబోయి, పక్కకి తప్పుకుని, చొక్కా కింద ఉబ్బెత్తుగా ఉన్న బుడ్డి మీద ఆగాయి. మొహంలో ఏదో మెదిలింది. గబగబా వెళ్ళి ముందు తలుపు తెరిచాడు.

ఆమె కుట్టిన ఎర్రటి సీటు మీద, వీపు ఆనేచోటు దాకా, రంగులు వేసేటప్పుడు పరిచే ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది. అంచులు జారిపోకుండా టేపు కూడా అంటించాడు.

"ఆ గొట్టం కారుతుందేమోనని," అన్నాడు వెర్లిన్ గొంతు తగ్గించి. "రేపు ప్రదర్శన కదా. కొత్త సీటాయె. నువ్వే కుట్టావు, నీకు తెలీందేముంది."

గాలికి ఆ పట్టా చిరుచప్పుడు చేసింది. మార్లిస్ దాన్ని చూస్తూ ఉంది. కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది, రాలేదు. లోపల ఏదో చాలాకాలంగా బిగబట్టి ఉన్నది సడలిపోయి, చేతులూ కాళ్ళూ తేలికయ్యాయి. దుఃఖం మాత్రం ఉంది, మోయగలిగినంత ఉంది.

కుర్చీ తోస్తున్న అమ్మాయి చక్రాలకి అడ్డం బిగించి, వంగి కాళ్ళ కింది పలక ఎత్తబోతూ, "ఇదేగా అమ్మా మీ బండి? ఎక్కుదామా?" అంది.

తలుపు పట్టుకుని వెర్లిన్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"కాదమ్మా," అంది మార్లిస్. "నాకోసం ఇంకా ఎవరూ రాలేదు. లోపలికి తీసుకెళ్ళు, ఫోన్ చేసుకోవాలి."